పేరు పెట్టేవారు, పేరు మోసేవారు

(మా మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



ఏటా ఈ వేదిక మీద సాహిత్యం గురించో, చదువుల గురించో పెద్దలు మాట్లాడుతూ వచ్చారు. నన్ను పిలిచినప్పుడు పిల్లల పేర్ల గురించి మాట్లాడతానన్నాను. మాస్టారిని ఎరిగినవారికి ఇందులో వింతేమీ ఉండదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రతి జూన్‌లోనూ అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని కూర్చున్న మనిషి ఆయన. మా ఊళ్లో కొన్ని వందల మంది పేర్లు మొదటిసారి కాగితమెక్కింది ఆయన చేతిమీదుగానే.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు. విజయనగరం దగ్గరి మా ఊరి బడికి అప్పుడు ఒకటే గది, ముందు వరండా. వరండాలో బల్ల వేసుకుని మాస్టారు కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నారు. మేం గుమ్మంలోంచి తొంగి చూస్తున్నాం. ఒకామె కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. పేరేమిటని అడిగారు. "పెంటయ్య, బాబూ" అంది. గదంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను.

ఆ రోజుల్లో చాలా బళ్లలో అలాంటి పేరు వస్తే మాస్టర్లే మార్చి రాసేసేవారు. పెంటయ్య వెంకటేశ్వర్లు అయ్యేవాడు, పెంటమ్మ పద్మావతి అయ్యేది. మేలు చేశామనే అనుకునేవారు. మా మాస్టారు కలం పక్కన పెట్టి, "ఈ పేరు ఎందుకు పెట్టుకున్నావమ్మా?" అని అడిగారు.

"ఆడికి ముందు ముగ్గురు పోనారు బాబూ. ఒక్కలూ పురుడు దాటలేదు. ఈడు పుట్టగానే సేటలో ఎట్టి పెంట మీద ఏసి వచ్చేం. ఎదురింటి ముసిలమ్మ తెచ్చి, గుప్పెడు నూకలకి నాకు అమ్మింది. కొనుక్కున్న బిడ్డ బాబూ ఈడు. పేరు మార్సకండి" అంది.

మాస్టారు తన గుండ్రటి అక్షరాలతో ఆమె చెప్పింది చెప్పినట్టే రాశారు. తర్వాత గదిలోకి వచ్చారు. బెత్తం తీయలేదు, కేకలేయలేదు. "నవ్వినవాళ్లు ఇంటికెళ్లి మీ అమ్మను అడగండి. మీకు ముందు ఎవరైనా పుట్టి పోయారేమో కనుక్కు రండి" అన్నారంతే. ఆ రాత్రి అడిగాను. మా అమ్మ పొయ్యి ముందు నుంచి కదలకుండా, నాకు ముందు ఒక ఆడపిల్ల పుట్టి తొమ్మిదో రోజున పోయిందని చెప్పింది. అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలియదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా మాస్టారు పెట్టిన ఆ ఒక్క పని నుంచి వచ్చిందే.

ఇప్పుడు మన కాలానికి వస్తాను.

సినిమా తారలకో, క్రికెటర్లకో బిడ్డ పుడితే ఆ పేరు గంటలో దేశమంతా తెలుస్తోంది. మరో గంటలో తీర్పులు మొదలవుతున్నాయి. 2016 డిసెంబరు 20న కరీనా కపూర్, సైఫ్ అలీ ఖాన్‌లకు కొడుకు పుట్టాడు. తైమూర్ అని పేరు పెట్టారు. 1398లో ఢిల్లీని కొల్లగొట్టి జనాన్ని ఊచకోత కోసిన తైమూర్ పేరు పెడతారా అని దేశమంతటా దుమారం రేగింది. బిడ్డకు నిండా ఒక రోజు లేదు. ఆ మాటకు ఇనుము అని అర్థమని, ఆ అర్థం చూసే పెట్టుకున్నామని తల్లిదండ్రులు చెప్పినా వినేవారు తక్కువయ్యారు. పేరు మార్చుదామా అని ఒక దశలో ఆలోచించానని, కరీనా ఒప్పుకోలేదని సైఫ్ తర్వాత చెప్పారు. 2021 ఫిబ్రవరిలో రెండో కొడుకు పుట్టినప్పుడు ఆ దంపతులు కొన్ని నెలలపాటు అసలు పేరు బయటపెట్టలేదు. జే అనే పిలుపు పేరే జనానికి తెలిసింది. జహంగీర్ అన్న పూర్తి పేరు ఆగస్టులో బయటపడగానే పాత గొడవే మళ్లీ మొదలైంది. కన్నబిడ్డ పేరు నలుగురిలో చెప్పుకోవడానికి తల్లిదండ్రులు వెనకాడవలసి వచ్చిందంటే, ఆ పరిస్థితి తెచ్చింది మనమే.

2023 జూన్ 20న హైదరాబాద్‌లో రామ్‌చరణ్, ఉపాసన దంపతులకు కూతురు పుట్టింది. పది రోజుల తర్వాత క్లీంకార కొణిదెల అని నామకరణం చేశారు. లలితా సహస్రనామం నుంచి తీసుకున్న పేరని తాతగారు చిరంజీవి స్వయంగా ప్రకటించారు. నోరు తిరగడం లేదన్నారు కొందరు. ఇదెక్కడి ఇంగ్లీషు పేరని మరికొందరు. శుక్రవారం శుక్రవారం ఆ సహస్రనామం పారాయణం చేసే ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో పెరిగినవారు కూడా ఆ మాటను గుర్తుపట్టలేకపోయారు.

2024 సెప్టెంబరు 8న దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్‌లకు కూతురు పుట్టింది. నవంబరు 1న, దీపావళి వేళ, ఆ పసిదాని పాదాల ఫొటోతోపాటు దువా పదుకొణె సింగ్ అన్న పేరు ప్రకటించారు. దువా అంటే ప్రార్థన, మా ప్రార్థనలకు దొరికిన జవాబు ఈ బిడ్డ అని రాసుకున్నారు. వెంటనే రెండు అభ్యంతరాలు లేచాయి. ప్రార్థన అని పెట్టుకోవచ్చుగా, అరబ్బీ మాట ఎందుకన్నది ఒకటి. తండ్రి ఇంటిపేరు కన్నా ముందు తల్లి ఇంటిపేరు ఏమిటన్నది రెండోది.

ఈ మూడు ఇళ్ల పిల్లల మీద మూడు రకాల కోపాలు చూపించాం. ఒక ఇంటి మీద చరిత్ర కోపం, ఒక ఇంటి మీద ఉచ్చారణ కోపం, ఇంకో ఇంటి మీద మతం కోపం. ఆ కోపాల్లో న్యాయమెంతో మన తెలుగు నేల మీదే నిలబడి చూద్దాం.

మతం సంగతి ముందు చూద్దాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో హిందూ కుటుంబాల్లో మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఎంతమంది లేరు? గుంటూరులోని మస్తాన్ దర్గాకు మొక్కుకుని, పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నవారు వాళ్లు. రాయలసీమలో దస్తగిరి అన్న పేరు రెండు మతాల్లోనూ ఉంది. పీర్ల పండుగకు మొక్కుకుని పీరయ్య, పీరమ్మ అని పిలుచుకున్న ఇళ్లున్నాయి. ఆ తాతమ్మలు అరబ్బీ మాటా, సంస్కృతం మాటా అని నిఘంటువు చూసి పేరు పెట్టలేదు. కష్టంలో చెయ్యి చాచారు, ఆ చెయ్యి పట్టుకున్న చోటికి కృతజ్ఞత చెప్పుకున్నారు. దువా పేరు వెనకున్నదీ సరిగ్గా అదే భావం. ఆ పేరును తప్పుపట్టేవారు ముందు తమ వంశవృక్షం ఒకసారి చూసుకోవాలి.

రాయలసీమకే చెందిన ఇంకో పేరుంది. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మీద అభిమానంతో అక్కడి రైతులు కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. స్కాట్లండ్ దొర పేరుకు అప్ప చేర్చి సొంతం చేసుకున్నారు. మన దగ్గర పేరు ఎప్పుడూ ఇలాగే వచ్చింది. మొక్కు నుంచి, భయం నుంచి, అభిమానం నుంచి, కాలం నుంచి వచ్చింది.

కాలం నుంచి వచ్చిన పేర్ల గురించి కాస్త ఆగి చెబుతాను. ఈ విషయంలో మనకు గోరాను మించిన ఉదాహరణ లేదు. గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు 1902లో పుట్టారు, 1975లో పోయారు. నాస్తికుడన్న కారణంగా కాలేజీల్లో ఉద్యోగాలు పోగొట్టుకున్న అధ్యాపకుడు. విజయవాడ నాస్తిక కేంద్రం వ్యవస్థాపకుడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి ఆయన లవణం అని పేరు పెట్టారు. మరో కొడుక్కి సమరం అని పెట్టారు. తొమ్మిదో సంతానానికి నౌ అని, అంటే హిందీలో తొమ్మిది అని, పేరు పెట్టారు. దేవుడి పేరు లేదు, పూర్వీకుల పేరు లేదు, కులం వాసన లేదు. వంటింటి ఉప్పునూ, యుద్ధాన్నీ, అంకెనూ పిల్లలకు పేర్లు చేశారు.

1930లో ఒక తెలుగింట్లో పిల్లవాణ్ణి లవణం అని పిలిస్తే ఇరుగుపొరుగు ఎలా చూసి ఉంటారో మీరు ఊహించగలరు. ఆ పిల్లవాడు పెరిగాడు. వినోబా భావే భూదాన యాత్రలో మన ప్రాంతానికి వచ్చినప్పుడు ఆయన మాటలను తెలుగు చేసింది ఆ లవణమే. మహాకవి జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. ఆ ఇద్దరూ స్టువర్ట్‌పురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాద్ జిల్లాలో జోగిని దురాచారం మీద పోరాడారు. హేమలతా లవణం అన్న పేరు వింటే ఈవేళ మనకు గుర్తొచ్చేది ఆ సేవ. అలాగే డాక్టర్ సమరం అంటే వార పత్రికల్లో ఆరోగ్య సందేహాలకు దాపరికం లేకుండా జవాబులిచ్చిన వైద్యుడు గుర్తొస్తారు తప్ప, ఆ మాటకు యుద్ధమన్న అర్థముందని ఎవరికైనా తడుతుందా? పేరు పెట్టిన రోజున నిఘంటువులో ఉన్న అర్థం వేరు. యాభై ఏళ్ల తర్వాత జనం నాలుక మీద ఉన్న అర్థం వేరు. ఆ రెండో అర్థాన్ని సంపాదించేది పేరు మోసినవారే. కాబట్టి ఒక్క రోజు వయసున్న బిడ్డ పేరు మీద తీర్పు చెప్పడానికి మన దగ్గర ఉండవలసిన సాక్ష్యంలో సగం ఇంకా పుట్టనే లేదు.

అయితే తల్లిదండ్రులు ఏ పేరు పెట్టినా సరేనని నేను అనడం లేదు. పేరు పెట్టేది పెద్దలు, ఆ పేరుతో బడికి వెళ్లేది బిడ్డ. ఈ తేడాను మరచిన తల్లిదండ్రులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

న్యూజిలాండ్‌లో 2008లో ఒక కేసు కోర్టుకొచ్చింది. తల్లిదండ్రుల మధ్య సంరక్షణ వివాదంలో తొమ్మిదేళ్ల పాప పేరు బయటపడింది. హవాయి నాట్యం గురించిన ఒక పూర్తి వాక్యాన్నే ఆ పాపకు పేరుగా పెట్టారు. ఆ పాప తన పేరు స్నేహితులకు ఎన్నడూ చెప్పలేదు. కె అని పిలవమనేది. జడ్జి ఆ పాపను కోర్టు సంరక్షణలోకి తీసుకుని, పేరు మార్చే ఏర్పాటు చేశారు. తొమ్మిదేళ్లు తన పేరును దాచుకుని బతికిన పిల్ల గురించి చదివినప్పుడు నాకు మా ఊరి బడి వరండా కళ్లముందు కదిలింది.

మన పొరుగునే ఇంతకన్నా బాధాకరమైనది జరిగింది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ఆడపిల్ల మీద ఆడపిల్ల పుట్టిన ఇళ్లలో నకుసా అని పేరు పెట్టేవారు. అక్కరలేనిది అని ఆ మాటకు అర్థం. 2011 అక్టోబరులో అక్కడి జిల్లా యంత్రాంగం సభ పెట్టి 285 మంది ఆడపిల్లలకు కొత్త పేర్లిచ్చింది. ఇప్పుడు పెంటయ్యను ఆ పిల్లల పక్కన నిలబెట్టి చూడండి. రెండూ చెవికి ఇంపు కాని పేర్లే. ఒక పేరు బిడ్డ దక్కాలని పెట్టింది, మరొకటి బిడ్డ వద్దని పెట్టింది. వినసొంపుగా ఉందా లేదా అని చూస్తే ఈ తేడా పట్టుబడదు. ఎందుకు పెట్టారని అడిగితేనే పట్టుబడుతుంది. ఆ రోజు మా మాస్టారు అడిగింది ఆ ప్రశ్నే.

విదేశాల్లో ప్రముఖుల పిల్లల పేర్ల మీద ఈ చర్చ ఎప్పటి నుంచో ఉంది. ఇద్దరి కథ చెబుతాను. ఇంగ్లీషు గాయకుడు డేవిడ్ బౌవీకి 1971లో కొడుకు పుట్టాడు. డంకన్ జోవీ హేవుడ్ జోన్స్ అని పేరు రాయించారు. పత్రికలు మాత్రం ప్రాస కుదిరిందని జోవీ బౌవీ అనే పిలిచాయి. పెద్దయ్యాక ఆ అబ్బాయి జోవీనీ, బౌవీనీ కూడా పక్కన పెట్టి, తండ్రి అసలు ఇంటిపేరైన జోన్స్‌తో డంకన్ జోన్స్‌గా స్థిరపడ్డాడు. 2009లో వచ్చిన మూన్ సినిమా దర్శకుడు ఆయనే. అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కొడుకు కథ దీనికి పూర్తిగా విరుద్ధం. 1969లో పుట్టిన ఆ పిల్లవాడికి డ్వీజిల్ అని పేరు పెడతామంటే ఆసుపత్రివారు ఒప్పుకోలేదు. కాగితం మీద మరేవో మామూలు పేర్లు రాయించవలసి వచ్చింది. అయిదేళ్ల వయసులో ఆ సంగతి తెలిసిన పిల్లవాడు, నా పేరు డ్వీజిలే, అదే రాయించండని పట్టుబట్టాడు. తల్లిదండ్రులు చట్టప్రకారం మార్పించారు. ఈరోజుకీ ఆయన ఆ పేరుతోనే సంగీతకారుడు.

ఒకరు వింత పేరును వదులుకున్నారు, ఒకరు పోరాడి తెచ్చుకున్నారు. ఇద్దరి విషయంలోనూ ఆఖరి మాట పేరు మోసినవారిదే అయింది. అలా కావడమే న్యాయం.

2020 మేలో ఈలన్ మస్క్, గాయని గ్రైమ్స్ తమ బిడ్డకు పెట్టిన పేరులో ఒక ఎక్స్, ఒక పాత కాలపు జంట అక్షరం, ఒక ఏ, 12 అన్న అంకె ఉన్నాయి. కాలిఫోర్నియా జనన పత్రంలో ఇంగ్లీషులోని 26 అక్షరాలకే చోటు, అంకెకు లేదు. అందుకని 12ను రోమన్ అక్షరాల్లోకి మార్చుకున్నారు. లోకమంతా ఆ పేరును ఎలా పలకాలని వారాల తరబడి మాట్లాడుకుంది. నాకు మాత్రం ఆ సందర్భంలో ఒక్కటే కొలత కనిపించింది. నిద్రలో ఉలిక్కిపడిన బిడ్డను ఒళ్లోకి తీసుకుని తల్లి ఆ పేరుతో పిలవగలదా? గోడ మీద రాయడానికి పనికొచ్చే పేరు వేరు, లాలిలో పలికే పేరు వేరు. బారసాలలో పళ్లెంలోని బియ్యం మీద బంగారు ఉంగరంతో రాసిన పేరును తండ్రి బిడ్డ చెవిలో మెల్లగా చెబుతాడు. పేరు ముందు ఆ చెవికి, తర్వాతే ఊరికి.

ఇక ఇంటిపేరు సంగతి. పదుకొణె సింగ్ అన్న రెండు మాటల మీద వచ్చిన కోపాన్ని జాగ్రత్తగా చూడాలి. పదుకొణె అనేది కర్ణాటకలోని ఉడుపి జిల్లాలో ఒక ఊరు. సింగ్ అనేది రణ్‌వీర్ వంశం ఇంటిపేరు కాదు. ఆయన ఇంటిపేరు భావ్నానీ, సినిమాల్లోకి వస్తూ దాన్ని వదిలేశారు. అంటే ఆ పాప పేరు చివర ఒకటి తల్లి ఊరు, ఇంకొకటి తండ్రి సొంత పేరులో భాగం. ముందు తండ్రి వంశం ఉండాలని వాదించినవారికి ఆ పేరులో తండ్రి వంశమే లేదన్న సంగతి పట్టలేదు. తల్లి పేరు ముందుండటం ఒక్కటే కంటబడింది.

మన తెలుగు ఇంటిపేర్లు మాత్రం ఏమిటి? వాటిలో చాలా భాగం ఊళ్ల పేర్లే. ఇందాక చెప్పిన కొణిదెల కూడా నంద్యాల జిల్లాలో ఒక ఊరే. ఎప్పుడో ఒక తాత ఊరు వదిలి వేరే ఊరికి పోతే, ఫలానా ఊరివాళ్లు అని చుట్టుపక్కలవారు గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తే ఇంటిపేరైంది. ఊళ్లు మారేకొద్దీ ఇంటిపేర్లూ మారాయి. ఇప్పుడు అమెరికా వెళ్లిన పిల్లల పేర్లలో ఇంటిపేరు ముందు నుంచి వెనక్కి వెళ్లింది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే అక్కడి వీసాలో మిగిలిన గడి నిండక ఎఫ్‌ఎన్‌యూ అన్న మూడక్షరాలు వచ్చి కూర్చుంటున్నాయి. మొదటి పేరు తెలియదు అని ఆ అక్షరాలకు అర్థం. పరాయి ప్రభుత్వ ఫారం కోసం మన పేరును తలకిందులు చేయడానికి మనకు అభ్యంతరం లేకపోయింది. కన్నతల్లి ఇంటిపేరు ముందుంటే మాత్రం సంప్రదాయం గుర్తొచ్చింది.

ఆ సంప్రదాయాన్నే అడుగుదాం. మనం గర్వంగా చెప్పుకునే శాతవాహన రాజులు తమ పేర్లు ఎలా చెప్పుకున్నారు? గౌతమీపుత్ర శాతకర్ణి. వాసిష్ఠీపుత్ర పులుమావి. ఆ సార్వభౌములు తల్లి పేరు ముందు చెప్పి తర్వాత తమ పేరు చెప్పుకున్నారు. గౌతమీపుత్రుడి ఘనతను నాసిక్ గుహలో శాసనంగా చెక్కించింది ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ. రెండు వేల ఏళ్ల కిందట ఈ నేలను ఏలినవారికి తల్లి పేరు తలవంపు కాలేదు.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడి కథ మీకు తెలుసు. గురువు దగ్గరికి వెళ్లబోతూ ఆ పిల్లవాడు తన గోత్రమేమిటని తల్లిని అడిగాడు. నాకు తెలియదు నాయనా, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, సత్యకామ జాబాలుడినని చెప్పు అంది ఆ తల్లి. గురువు గౌతముడు గోత్రమడిగితే పిల్లవాడు తల్లి చెప్పినదంతా దాచకుండా చెప్పాడు. సత్యం తప్పలేదు గనుక నువ్వు యోగ్యుడివని గురువు అతణ్ణి శిష్యుడిగా తీసుకున్నాడు.

మా మాస్టారు ఈ కథను పాఠంగా చెప్పడం నేను వినలేదు, ఆయన ఆచరించగా చూశాను. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పిల్లను బళ్లో చేర్చడానికి అమ్మమ్మ తీసుకొచ్చింది. తండ్రి పేరు దగ్గర ఆ ముసలావిడ ఆగిపోయింది. మాస్టారు రెండోసారి అడగలేదు. ఆ గడిలో తల్లి పేరు రాసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టారు. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చూసి కోప్పడ్డారు. దిద్దమన్నారు. "ఆ పిల్లకు అన్నం పెట్టేదీ, బడికి పంపేదీ ఆవిడేనండి. నేను రాసింది నిజం. దిద్దితే అబద్ధమవుతుంది" అన్నారు మాస్టారు. ఆ పిల్ల ఆ పేరుతోనే మా బడి చదువంతా పూర్తి చేసింది.

మాస్టారు తన బల్ల దగ్గర తేల్చినదాన్ని మన సుప్రీంకోర్టు 2022 జులై 28న చెప్పింది. ఆ కేసు మన తెలుగు కుటుంబానిదే. పసిబిడ్డ ఉండగానే భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టుకుంది. నాయనమ్మ, తాత కోర్టుకెళ్లారు. పాత ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలని కింద వచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. తండ్రి లేని బిడ్డకు తల్లే సహజ సంరక్షకురాలు, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే అంది. సవతి తండ్రి అని రాయమనడం ఆ పిల్లవాడి మనసు మీద, ఆత్మగౌరవం మీద ఎంత దెబ్బ తీస్తుందో ఆలోచించని క్రూరత్వమని గట్టిగా చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా బిడ్డకు తండ్రి ఇంటిపేరు దానంతటదే వచ్చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. ఎక్కడెక్కడి న్యాయమూర్తులూ ఒక మాట దగ్గరికి వస్తున్నారు. ఇంటిపేరు వంశానికి ముద్ర వేయడానికి లేదు, బిడ్డకు ఒక ఇల్లుందని చెప్పడానికి ఉంది. ఆ ఇల్లు ఏదో కన్నవారు చెబుతారు.

పెద్దలారా, ఇంతదూరం వచ్చాక నేను కోరేది మూడు చిన్న పనులు.

కొత్తగా తల్లిదండ్రులైనవారికి మొదటిది. తొందరపడకండి. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే ఈ వెసులుబాటు ఇచ్చింది. పేరు లేకుండా జననం నమోదు చేయించి, ఏడాది లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. కొత్త పేరు కావాలనుకుంటే నిరభ్యంతరంగా పెట్టుకోండి. పెట్టేముందు ఆ పేరుతో బిడ్డను పదిసార్లు పిలిచి చూడండి. పదేళ్లొచ్చాక ఎందుకు పెట్టారని ఆ బిడ్డ అడిగితే, తలెత్తి చెప్పగల కారణం ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు తల్లిదయినా, తండ్రిదయినా, ఇద్దరిదీ అయినా ఒకరినొకరు అడిగి నిర్ణయించుకోండి.

మిగిలిన మనందరికీ రెండోది. తారల పిల్లలు కూడా పిల్లలే. వాళ్ల అమ్మానాన్నల సినిమా బాగోలేదని చెప్పే హక్కు టికెట్టు కొన్న మనకుంది. ఉయ్యాలలో బిడ్డకు మనం టికెట్టు కొనలేదు. ఈరోజు మనం విసిరిన మాటలన్నీ చెరిగిపోకుండా ఉంటాయి. చదవడం వచ్చిన రోజున ఆ పిల్లలే వాటిని చదువుతారు. తైమూర్ అని పేరున్న పిల్లవాడికి ఇప్పుడు చదవడం వచ్చు.

మూడోది ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో ఫారాలు నింపే ప్రతి ఒక్కరికీ. మీ ముందుకొచ్చిన బిడ్డ పేరు మీకు కొత్తగా అనిపిస్తే మార్చకండి, నవ్వకండి. ఎలా పలకాలో అడిగి నేర్చుకోండి. తండ్రి పేరు దగ్గర గొంతు తడబడితే రెండోసారి అడగకండి.

మాస్టారు పోయిన రోజున ఆయన పాడె మోసిన నలుగురిలో పెంటయ్య ఒకడు. ఇప్పుడు ఊళ్లో పెద్ద రైతు. పేరు మార్చుకోలేదు. ఇద్దరు పిల్లల పెళ్లి శుభలేఖల మీదా ఆ పేరే వేయించుకున్నాడు. ఈ సాయంత్రం ఈ సభలో ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆ రోజు గుమ్మంలో నిలబడి నవ్వినందుకు, ఇందరి ఎదుట, పేరు పెట్టి పిలిచి అడుగుతున్నాను. పెంటయ్యా, నన్ను క్షమించు.